కాకి కోకిల పిల్లను ఎందుకు పెంచుతుంది?

గాజువాక పక్కన ఆటోనగర్‌లో చెట్ల మీద కాకి గూళ్లు ఎప్పుడైనా గమనించారా? ఇలాంటి చోట్ల కాకులు పుల్లలతో పాటు ఇనుప తీగ ముక్కలూ ఏరుకొచ్చి గూడు అల్లుతాయి. కష్టపడి కట్టుకున్న ఆ గూట్లోనే కోకిల తన గుడ్డు పెట్టిపోతుంది.

ఎలా? నల్లటి మగ కోకిల గూటి దగ్గర గోల చేస్తే కాకులు దాన్ని తరుముతాయి. ఆ సందులో ఒంటినిండా మచ్చలున్న ఆడ కోకిల పని కానిచ్చేస్తుంది. గుడ్డు కాస్త చిన్నదే గానీ, నీలిపచ్చ రంగు, గోధుమ చుక్కలు అచ్చం కాకి గుడ్డులాగే ఉంటాయి. పైగా కాకి గుడ్డు పొదగడానికి 16-17 రోజులు పడితే, కోకిల పిల్ల 12-14 రోజుల్లోనే బయటికొస్తుంది. ముందు తెరిచిన నోటికే ముందు మేత!

అంత తెలివైన కాకి ఎందుకు మోసపోతుంది? తన గూట్లో నోరు తెరిచి అరిచే పిల్లకు మేత పెట్టడం దాని స్వభావం. ఎవరి పిల్ల అని ఆరా తీయదు. కాకి పిల్ల కాకికి ముద్దు అంటాం. ఇక్కడ కోకిల పిల్లా ముద్దే. మనమేమో కాకిని పెంపుడు తల్లి అనీ, కోకిలను దగాకోరు అనీ అంటాం. రెండో మాట నాకు నచ్చదు. గూడు కట్టడమే రాని పక్షి మరేం చేస్తుంది?

వేసవిలో గూడు కనిపిస్తే దూరం నుంచే చూడండి. దగ్గరికెళ్తే కాకి తల మీద తన్నిపోతుంది.