కుక్క తలుపు

కుక్క తలుపు అనగా పెంపుడు కుక్క మనిషి సాయం లేకుండా ఇంట్లోకి, బయటికి తిరగడానికి వీలుగా తలుపు అడుగుభాగంలో గాని, గోడలో గాని ఏర్పరచే చిన్న ద్వారం. దీనికి పైనుండి వేలాడే రెక్క ఒకటి ఉంటుంది. కుక్క ముక్కుతో నెట్టగానే రెక్క తెరుచుకుంటుంది. కుక్క దాటిపోయాక తన బరువుతో తానే మూసుకుంటుంది. పెద్ద తలుపులో ఇమిడి ఉండే చిన్న తలుపును తెలుగులో దిడ్డి అంటారు. కోట తలుపులకు, పెద్ద లోగిళ్ళ వీధి తలుపులకు పూర్వం మనుషుల రాకపోకల కోసం దిడ్డి ఉండేది. ఆ లెక్కన దీనిని కుక్క దిడ్డి అన్నా తప్పు లేదు.

విదేశాలలో ఇవి తయారుగా అమ్ముతారు. ఇంటివద్దనే, మామూలు వడ్రంగి పనిముట్లతో, పెరటి తలుపుకు ఇటువంటి ద్వారాన్ని అమర్చుకునే విధానం ఈ వ్యాసంలో వివరించబడింది. తలుపుకు రంధ్రం కోయడం ఒక పూట పని. ఆ రంధ్రం గుండా కుక్క తప్ప మరేదీ రాకుండా చూడడమే ఇందులో అసలు పని, కష్టమైన పని కూడా.

చరిత్ర

ఇటువంటి ద్వారాలు మొదట కుక్కల కోసం కాక పిల్లుల కోసం ఏర్పడ్డాయి. ధాన్యం నిలువచేసే ఇళ్ళలో ఎలుకలను పట్టడానికి పిల్లి రాత్రింబవళ్ళు తిరగాలి గనుక తలుపు అడుగున రంధ్రం ఉంచేవారు. 14వ శతాబ్దపు ఆంగ్లకవి జెఫ్రీ చాసర్ రచించిన కాంటర్‌బరీ కథలలోని మిల్లరు కథలో, ఒక సేవకుడు పిల్లి దూరే రంధ్రం గుండా గదిలోకి తొంగిచూస్తాడు. ఇంగ్లాండులోని ఎక్సెటర్ కెథెడ్రల్‌లో పెద్ద గడియారం వెనుక గదికి వెళ్ళే తలుపుకు ఇటువంటి రంధ్రం ఈనాటికీ ఉంది. దానిని 1598 ప్రాంతంలో కోయించారు.

పిల్లి తలుపును కనిపెట్టినవాడు ఐజాక్ న్యూటన్ అని ఒక కథ ప్రచారంలో ఉంది. పెద్ద పిల్లికి పెద్ద రంధ్రం, కూనలకు చిన్న రంధ్రం కోయించాడని, పెద్ద రంధ్రం గుండానే కూనలూ వెళ్ళగలవన్న సంగతి అంతటి మేధావికి తట్టలేదని చెప్పి నవ్వుకుంటారు. తరగతి గదులలో తరచుగా వినిపించే ఈ కథ నిజం కాజాలదు. న్యూటన్ 1642లో జన్మించాడు. ఎక్సెటర్ తలుపు అప్పటికే ఉన్నది. చాసర్ కథ రెండు శతాబ్దాలకు పైగా పాతది.

ఏ తలుపును ఎంచుకోవాలి

వీధి వాకిలిని, అంటే సింహద్వారాన్ని, ఎవరూ కోయనివ్వరు, కోయకూడదు కూడా. ఆచారం మాట అటుంచినా, కుక్క నేరుగా వీధిలోకి వెళ్ళే దారి ఏర్పరచడం ప్రమాదకరం. వాహనాలు ఒక భయమైతే, వీధికుక్కలతో కాట్లాట, తద్వారా రేబిస్ సోకే అవకాశం మరొక భయం. కుక్క తలుపు ఎప్పుడూ ప్రహరీ ఉన్న పెరటిలోకే తెరుచుకోవాలి. ప్రహరీ లేనివారు ముందు ప్రహరీ సంగతి చూసుకోవాలి. ఉన్నవారు కూడా రేబిస్ టీకా గడువు తప్పకుండా వేయించాలి.

పెరటి తలుపు ఏ రకానిదో చూసుకోవాలి. చట్రంలో పలకలు బిగించిన తలుపు ఈ పనికి చాలా అనుకూలం. చట్రాన్ని తాకకుండా అడుగు పలకలో మాత్రమే కోస్తే తలుపు బలం తగ్గదు. అయితే మధ్యలో నిలువు పట్టీ ఉండి పలక రెండుగా చీలి ఉంటే, ఒక్కొక్క భాగం పెద్ద కుక్కకు చాలకపోవచ్చు. ఆ పట్టీని కోస్తే తలుపు కొంతకాలానికి వంగుతుంది. నున్నగా కనిపించే ఫ్లష్ తలుపులలో కొన్ని లోపల బోలుగా ఉంటాయి. వాటిని కోసినప్పుడు బయటపడే ఖాళీలో నాలుగు వైపులా చెక్క పట్టీలు జిగురుపెట్టి దింపాలి. లేనిచో మరలు పట్టవు, ఖాళీలోకి నీరు, చెదలు చేరతాయి. ప్లాస్టిక్ తలుపును కోయడం సులభమే గాని అది రెక్క ఊపుకు త్వరగా సడలిపోతుంది.

గోడకు రంధ్రం చేయడం ఇంటివద్ద చేసుకోదగిన పని కాదు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడలో అది సొరంగంలా అవుతుంది. పైన ఇటుకలను మోయడానికి ఆధారం కావాలి. గోడలో కరెంటు తీగలు, నీటి గొట్టాలు ఉండవచ్చు. ఆ పని తాపీమేస్త్రీకి వదలడం మంచిది.

కొలతలు

కొలవవలసినది తలుపును కాదు, కుక్కను. నేలనుండి భుజం వరకు ఎత్తు, నేలనుండి పొట్ట అడుగు వరకు ఎత్తు, శరీరంలో అన్నిటికంటే వెడల్పైన చోట వెడల్పు, ఈ మూడు కావాలి. భుజం అంటే తల కాదు, మెడ వెన్నుతో కలిసే చోటు. కుక్క తల వంచి దూరగలదు గాని భుజాలను వంచలేదు. వెడల్పు కొలవడం కొంత ఇబ్బంది, ఎందుకంటే టేపు చూడగానే కుక్క ఆటకు దిగుతుంది. దానికొక ఉపాయం ఉంది. తలుపును కొద్దిగా తెరిచి ఉంచి కుక్కను పిలవాలి. సందును కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పోతే ఒకచోట అది దూరడానికి సందేహిస్తుంది. ఆ సందు కొలతే దాని వెడల్పు.

ద్వారం వెడల్పు కుక్క వెడల్పు కంటే 5 లేక 6 సెం.మీ. ఎక్కువ ఉండాలి. ద్వారం పై అంచు భుజానికి 4 లేక 5 సెం.మీ. పైన ఉండాలి. అడుగు అంచు పొట్టకు బాగా కిందుగా, కుక్క తేలికగా కాలు ఎత్తి దాటగలిగేలా ఉండాలి. ఉదాహరణకు 58 సెం.మీ. భుజం ఎత్తు, 27 సెం.మీ. వెడల్పు ఉన్న లాబ్రడార్‌ను తీసుకుందాం. పలకల తలుపు అడుగు పట్టీ కారణంగా ద్వారం నేలకు 17 సెం.మీ. ఎత్తున మొదలవుతుందనుకుందాం. పై అంచు 58+4, అనగా 62 సెం.మీ. వద్ద ఉండాలి. అందులోనుండి 17 తీసివేయగా ద్వారం ఎత్తు 45 సెం.మీ. వెడల్పు 27+6, అనగా 33 సెం.మీ. అదే 17 సెం.మీ. అడుగు అంచు, మన ఊళ్ళలో పామరేనియన్ అని పిలిచే 35 సెం.మీ. ఎత్తు స్పిట్జ్ కుక్కకు ఇంచుమించు పొట్టను తాకుతుంది. అటువంటప్పుడు రెండు వైపులా 8 సెం.మీ. ఎత్తు మెట్టు వేస్తే సరిపోతుంది. తలుపు తెరిచేటప్పుడు అడ్డురాకుండా దానిని కదిలే మెట్టుగా చేయాలి.

కుక్కపిల్లను కొలిచి కోసిన ద్వారం ఆరు నెలలలో పనికిరాకుండా పోతుంది. అదే జాతి పెద్ద కుక్క కొలత తీసుకోవాలి. ముసలి కుక్కకు కీళ్ళనొప్పులు ఉంటాయి గనుక అడుగు అంచు ఎంత తక్కువగా ఉంటే అంత మంచిది. కోతకు ముందు ఒక పెద్ద అట్టపెట్టెకు ఇవే కొలతలతో రంధ్రం చేసి, కుక్కను అందులోనుండి రప్పించి చూడాలి. అట్ట పాడైతే మరో అట్ట దొరుకుతుంది; టేకు తలుపు దొరకదు.

కోత

తలుపును బందులనుండి ఊడదీసి రెండు బల్లల మీద పరచి పనిచేయడం ఉత్తమం. గీతలు గీసి, నాలుగు మూలలా బరమాతో రంధ్రాలు చేయాలి. రంపపు ఆకు దూరడానికే గాక, మూలలు గుండ్రంగా రావడానికి కూడా ఇవి ఉపయోగపడతాయి. వాడిమూల నుండి చెక్క పగులుతుంది. కరెంటు జిగ్‌సా రంపం వాడేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. దాని మామూలు ఆకు పైకి లేచేటప్పుడు కోస్తుంది గనుక పై ముఖాన పెచ్చులు లేస్తాయి. అందుచేత తలుపు మంచి ముఖాన్ని కిందికి పెట్టి, గీతను వెనుక ముఖాన గీసుకోవాలి. కళ్ళద్దాలు తప్పనిసరి. చాలా పాత తలుపుల రంగులో సీసం ఉండవచ్చు. వాటిని గరుకు కాగితంతో పొడిగా రుద్దక, తడిపి రుద్దాలి.

కోసిన అంచులను నున్నగా చేసి వెంటనే ప్రైమరు, ఆపైన రంగు వేయాలి. పచ్చి అంచు మొదటి వానకాలంలోనే నీరు పీల్చి ఉబ్బుతుంది. అంచు చుట్టూ బీడింగు కొట్టి, మరల మొనలు బయటికి పొడుచుకు వస్తే ఆకురాయితో అరగదీయాలి. కుక్క రోజుకు పదిసార్లు ఆ అంచును ఒరుసుకుంటూ పోతుంది.

రెక్క

చెక్క రెక్క చూడడానికి బాగుంటుంది గాని తోకమీద పడుతుంది. మెత్తని రెక్కే మేలు. చల్లని గిడ్డంగులకు, ఏ.సి. దుకాణాల గుమ్మాలకు వేలాడదీసే పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీలు ఇందుకు బాగా సరిపోతాయి. ఇవి 20 సెం.మీ. వెడల్పు, 2 మి.మీ. మందంలో దొరుకుతాయి. పైన చెప్పిన 33 సెం.మీ. ద్వారానికి రెండు పట్టీలను 8 సెం.మీ. మేర ఒకదానిపై ఒకటి వచ్చేలా వేస్తే 32 సెం.మీ. రెక్క అవుతుంది. రెండు పక్కలా అర సెం.మీ. చొప్పున వదులు మిగులుతుంది. పారదర్శకం కావడం వలన కుక్కకు అవతల ఏమున్నదో కనిపిస్తుంది, భయపడదు. కారులో వేసే పాత రబ్బరు చాపనూ వాడవచ్చును గాని, పడమటి ఎండ పడే తలుపుకు రబ్బరు తొందరగా పగుళ్ళు వారుతుంది.

రెక్క పై అంచును రెండు చెక్క పట్టీల మధ్య నొక్కి బోల్టులతో బిగించాలి. గాలికి రెక్క కొట్టుకోకుండా అడుగున అయస్కాంతం ఉండాలి. పాత రిఫ్రిజిరేటర్ తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ లోపల ఒక మెత్తని అయస్కాంతపు తాడు ఉంటుంది. పాత సామాను కొట్టులో అటువంటి పట్టీ అడిగి తెచ్చుకుని, ఆ తాడును రెక్క అడుగున అతికించి, ఎదురుగా అడుగు అంచున సన్నని ఇనుప రేకు బిగిస్తే చాలు. ఇంతకన్నా బలమైన అయస్కాంతం పెడితే చిన్న కుక్క నెట్టలేక విసిగి తలుపు గీరడం మొదలుపెడుతుంది.

రాత్రి మూత

మన ప్రాంతంలో కుక్క తలుపు చేసేవారు విదేశీ పుస్తకాలలో కనిపించని ఒక సంగతిని ఆలోచించాలి. మెత్తని రెక్క కుక్కకు ఎంత తేలికగా తెరుచుకుంటుందో పాముకూ అంతే తేలికగా తెరుచుకుంటుంది. కట్లపాము రాత్రివేళ తిరిగే పాము. ఇళ్ళలోకి వచ్చి నేలమీద పడుకున్నవారిని నిద్రలో కాటువేయడం దీని విషయంలో తరచుగా జరుగుతుంది. కాటు అంతగా నొప్పి పెట్టదు గనుక కొందరికి కాటు పడిన సంగతే తెలియదు. విషం నరాలపై పనిచేసి శ్వాసను స్తంభింపజేస్తుంది. పామును రప్పించేవి ఎలుకలు, పందికొక్కులు, కప్పలు. కుక్క గిన్నెలో మిగిలిన అన్నం ఎలుకలను రప్పిస్తుంది. కనుక రాత్రి గిన్నె కడిగి బోర్లించడం కూడా ఈ తలుపు నిర్వహణలో భాగమే.

ఈ కారణం చేత రెక్కతోపాటు గట్టి మూత తప్పనిసరి. తలుపునుండి కోసి తీసిన ముక్కనే మూతగా వాడవచ్చునని చాలామంది అనుకుంటారు. రంపం తినివేసిన మందం మేరకు అది ద్వారం కంటే చిన్నదవుతుంది, చుట్టూ సందు మిగులుతుంది. 12 మి.మీ. ప్లైవుడ్‌ను ద్వారం కంటే అన్ని వైపులా 3 సెం.మీ. పెద్దదిగా కోసి, ఇంటి లోపలి వైపున గాడి తీసిన రెండు పట్టీల మధ్య పైనుండి కిందికి జారేలా అమర్చాలి. అడుగున ఒక రబ్బరు పట్టీ, రెండు పక్కలా గడియలు పెట్టాలి. పొద్దుగూకగానే మూత దించి గడియ వేయడం వీధి తలుపుకు తాళం వేయడమంత అలవాటు కావాలి. కోసిన ముక్కను మాత్రం పారవేయరాదు. కుక్క ఆయుష్షు పది, పదమూడేళ్ళు. టేకు తలుపు ఆయుష్షు అంతకు ఎన్నో రెట్లు. ఏనాటికైనా ఆ ముక్కను జిగురుతో, పట్టీలతో తిరిగి అతికించుకోవచ్చు.

తలుపు అడుగు గడియ ద్వారానికి దగ్గరగా ఉంటే దొంగ చేయి దూర్చి దానిని తీయగలడు. పెద్దమనిషి చేయి సుమారు 70 సెం.మీ. పొడవుంటుంది. ఆ మేరలో గడియ గాని, తాళంచెవి వేలాడదీసే మేకు గాని ఉండకూడదు. ఇక లాబ్రడార్ పట్టే ద్వారంలో పాకే వయసు బిడ్డ సులభంగా పడుతుంది. పెరట్లో బావి గాని నీళ్ళ సంపు గాని ఉన్న ఇంట్లో ఇది దొంగ భయం కంటే పెద్దది. చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో, మనవలు వచ్చిన రోజుల్లో కూడా, పగలంతా మూత దించి ఉంచి, కుక్కను మనిషే తీసుకువెళ్ళాలి.

కుక్కకు అలవాటు చేయడం

మొదటి రెండు మూడు రోజులు రెక్కను పైకి ఎత్తి కట్టాలి. ఇంట్లో ఒకరు, పెరట్లో ఒకరు కూర్చుని, చేతిలో బిస్కట్టు ముక్క చూపుతూ పిలవాలి. తరువాత రెక్క స్థానంలో పాత తువ్వాలు వేలాడదీసి చూడాలి. దానిని నెట్టుకుని రావడం అలవాటయ్యాక అసలు రెక్కను సగం దించి, ఆపైన పూర్తిగా దించాలి. కుక్కను పట్టుకుని ద్వారంలోకి తోయడం చేయరాని పని. ఒకసారి భయపడితే నెలల తరబడి దగ్గరికి రాదు.

దీపావళి రోజులలో పెరట్లో ఉన్న కుక్క టపాకాయల శబ్దానికి ఇంట్లోకి పరుగెత్తుకు రావడానికి ఈ తలుపు ఎంతో ఉపయోగపడుతుంది. అయితే అది లోపలికి వచ్చిన వెంటనే మూత దించాలి, బెదిరిన కుక్క ఎటు పరుగెడుతుందో చెప్పలేము.

ఇతర రకాలు

చలి దేశాలలో ఇంటి వేడి బయటికి పోకుండా ఒకదాని వెనుక ఒకటిగా రెండు రెక్కలు పెడతారు. ఏ.సి. గది తలుపుకూ ఈ పద్ధతి పనికివస్తుంది. అమెరికాలో స్థిరపడిన తెలుగువారి ఇళ్ళలో పెరటివైపు పక్కకు జరిగే గాజు తలుపు ఉండడం సాధారణం. దాని గాడిలో నిలువుగా ఇమిడే, కుక్క తలుపు అమర్చిన పలకలు దొరుకుతాయి. అద్దె ఇంటివారికి ఇవి అనువైనవి, ఎందుకంటే ఏమీ కోయనక్కరలేదు. ఆ దేశంలో కారు షెడ్డునుండి ఇంట్లోకి వచ్చే తలుపు సాధారణంగా నిప్పును కొంతసేపు ఆపగలిగేదై ఉండాలి. దానికి మామూలు కుక్క తలుపు కోస్తే ఆ గుణం పోతుంది.

కుక్క చర్మం కింద ఉంచిన బియ్యపు గింజంత చిప్‌ను గుర్తించి, ఆ కుక్కకు మాత్రమే తెరుచుకునే ఎలక్ట్రానిక్ తలుపులు కూడా ఉన్నాయి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఈ చిప్‌లు 134.2 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యంపై పనిచేస్తాయి. చిప్‌లో బ్యాటరీ ఉండదు. తలుపులోని తీగచుట్ట ప్రసరించే శక్తినే గ్రహించి తన సంఖ్యను తెలుపుతుంది. తలుపుకు మాత్రం బ్యాటరీ కావాలి, అది అయిపోయిన రోజున కుక్క బయటే ఉండిపోతుంది.