రాతిమిద్దెలో వైఫై వల

విద్యుత్ స్తంభముల మీదుగా ఫైబరు తీగలు సాగదీసిన ఏ.పీ. ఫైబర్‌నెట్ పథకమును 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ జాతికి అంకితము చేసిరి. తీగ గడపవరకు వచ్చినంతమాత్రమున ఇంటర్నెట్ ప్రతిగదికిని చేరదు. రాజంపేట ప్రాంతమునుండి కువైటునకు పోయి పనిచేయువారు అనేకులు. ఇంటివారితో ముఖాముఖి మాటలాడుటకును, వాకిలిమీది కెమెరాలో ఇంటిని చూచుకొనుటకును వారికి వైఫై ఆధారము. టీవీ, కెమెరాలు, దీపములు, ఫ్యానులు కూడ దానికే తగులుకొనినపుడు ముందుగదిలో బాగుగానున్న సంకేతము వంటయింటిలో అందదు. అప్పుడు ‘మెష్’ పెట్టెలు కొనవలెనని తోచును. గోడల స్వభావము తెలియక కొన్నచో ధనము వృథా యగును.

గోడలు, తరంగములు

వైఫై యనునది రేడియో తరంగమే. 2.4 గిగాహెర్ట్జ్ తరంగము పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు. 5 గిగాహెర్ట్జ్ తరంగము పొడవు సుమారు 6 సెంటీమీటర్లు. మొదటిది గోడలను మేలుగా దాటును గాని వేగము తక్కువ. రెండవది వేగము గలది గాని గోడలలో త్వరగా క్షీణించును. చెక్కతలుపు సంకేతమును కొద్దిగా తగ్గించును. మూరెడు దళసరి రాతిగోడ, ఇనుపకడ్డీల స్లాబు, నీటితొట్టి, ఇనుపబీరువా మిక్కిలి తగ్గించును. రాయలసీమ పాతమిద్దెలలో అట్టి గోడలు సామాన్యము.

మెష్ అనగా నేమి?

మెష్ అనగా వల. ఒక పెట్టె ఇంటర్నెట్ తీగకు తగిలియుండును. తక్కినవి దానినుండి సంకేతమునందుకొని తమ చుట్టును పంచును. అన్నింటికిని పేరొక్కటే కనుక ఫోను గది మారినపుడు దగ్గరి పెట్టెను పట్టుకొనును. బావికడ కడవలందించు మనిషి ఒకేసారి అందుకొని అందీయలేడు. అట్లే ఒకే రేడియోతో రెండు పనులు చేయు పెట్టెలో వేగము సుమారు సగమగును. మూడు రేడియోల పెట్టెలలో ఒకదానిని ఈ పనికే కేటాయింతురు. అదియు రాతిగోడను దాటుట కష్టము. గోడకు చిన్నరంధ్రము చేసి రెండు పెట్టెలనడుమ ఈథర్‌నెట్ తీగ వేయుటయే ఉత్తమము. అది 100 మీటర్లవరకు చక్కగా పనిచేయును.

ఎన్నుకొనుట

స్మార్ట్ దీపములు, ప్లగ్గులు చాలవరకు 2.4 గిగాహెర్ట్జ్‌నే వాడును. అవి పంపు సమాచారము స్వల్పము; వాని సంఖ్యయే భారము. వైఫై 6 విధానము వచ్చినపిదప ఒకే ప్రసారములో పలుపరికరములకు పంచుట సాధ్యమైనది. ఆ విధానము నెరుగని పాతపరికరములకు మాత్రము ఈ లాభము కలుగదు. కావున వైఫై 6 కలిగి, ప్రతిపెట్టెకును ఈథర్‌నెట్ రంధ్రమున్న వానిని కొనవలెను. పెట్టెలు హెచ్చిన మేలు హెచ్చదు: 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిపైనొకటి పడని మార్గములు 1, 6, 11 అను మూడే. అంతకుమించినచో పెట్టెలు ఒకదానికొకటి అడ్డుపడును.

కొనుటకు ముందు ఫోనుతో గదిగదికిని సంకేతమును కొలువవలెను. −67 డీబీఎం వరకున్నచో చూచుచు మాటలాడుట సాగును. −80 అయినచో తెగిపోవును. తీగ వేయుటకు వీలులేనపుడు రెండవపెట్టెను సంకేతమందని గదిలో గాక, అందుచున్న చోటనే, ద్వారమునకెదురుగా నుంచవలెను. కరెంటు పోయినను మాట తెగకుండవలెనన్న ప్రతిపెట్టెకును, ఫైబరు పెట్టెకును బ్యాటరీ ఆధారము కావలెను. ఇంటికి వచ్చు ఇంటర్నెట్టే మందమైనచో ఎన్ని పెట్టెలైనను దానిని పెంచజాలవు; అవి వచ్చినదానిని పంచునవి మాత్రమే.