కుట్టుయంత్రమునకుఁ దెలుఁగు వివరణ

కుట్టుయంత్రమును గొన్నప్పుడు దానితోడ నొక చిన్న పుస్తకము వచ్చును. అది తఱచుగా నింగ్లీషున నుండుటచేఁ బెట్టె యడుగునఁ బడియుండును. దారము తెగినను, కుట్టు వదులైనను యంత్రమును ఆటోలోఁ బెట్టుకొని మరమ్మతుచేయువానికడకుఁ బోవలసినదే. మా వీథిలోఁ గుట్టుకూలితో సంసారము నడుపుకొనుచున్న స్త్రీలు నలుగురు గలరు. ఒక పూట యంత్రము నిలిచిన వారి కా పూట కూలి లేదు. వారికొఱకై మేము యంత్రమును నడుపు విధమును దెలుఁగున వ్రాసి వెబ్‌సైటుగాఁ బ్రకటించితిమి. కంపెనీవారి పుస్తకముపై హక్కులు వారివి గనుక దానిని దెనిఁగింపక, మా చేతికిఁ దెలిసినదానిని మా మాటలలోనే వ్రాసితిమి. ఆ పని జరిగిన విధమును, అందు మేము చేసిన తప్పును నిచట విన్నవించుచున్నారము.

లోకమునఁ బుట్టిన మొదటి వెబ్‌సైటు సయితము ఇట్టి వివరణగ్రంథమే. సెర్న్ అను పరిశోధనసంస్థలోఁ బనిచేయుచుండిన టిమ్ బెర్నర్స్-లీ దానిని 1991వ సంవత్సరమున లోకమునకుఁ దెలిపెను. వెబ్ అననేమి, దానికిఁ బుటల నెట్లు సిద్ధపఱుపవలయు నను నవియే యందలి విషయములు.

ఇప్పుడు సాధనములు మిక్కిలి సులభములైనవి. 2004లో జాన్ గ్రూబర్ వెలువరించిన మార్క్‌డౌన్ పద్ధతిలో శీర్షికకు ముందొక హ్యాష్ గుర్తును, ఒక్కొక్క మెట్టునకు ముందొక యంకెను వేసి, తక్కినదంతయు నుత్తరమువలె వ్రాసికొనవచ్చును. ఎమ్‌కేడాక్స్ వంటి సాధనము ఆ వ్రాఁతను వెబ్ పుటలుగా మార్చి, విషయసూచికను, వెదకుకొను పెట్టెను దానే యమర్చును. వానిని గిట్‌హబ్ పేజెస్ అను చోట నుంచితిమి. అందఱు చూచునట్లు తెఱచియుంచిన వ్రాఁతలకు అచట రుసుము లేదు. సైటంతయు నొక గిగాబైటునకు మించరాదు గనుక బొమ్మలను మాత్రము చిన్నవిగాఁ జేసితిమి. తెలుఁగును బొమ్మగా నతికింపక యూనికోడ్ అక్షరములతోనే వ్రాయవలయును. అట్లయిననే వెదకువారికి దొరకును; చూపులేనివారికి ఫోను చదివి వినిపింపఁగలదు.

సాధనములు రెండు దినములలోఁ బట్టువడినవి. వ్రాయుటకు మాత్రము మూఁడు నెలలు పట్టినది. డానియేల్ ప్రోచిడా అనునతఁడు డయాటాక్సిస్ అను పేర నిట్టి వ్రాఁతలను నాలుగు తెఱఁగులుగా విభజించెను. మొదటిసారి యావకాయ పెట్టు కోడలికి వలయునది వేఱు. ఉప్పుపాలు మాత్రము మఱచిన యత్తగారికి వలయునది వేఱు గదా! అట్లే క్రొత్తవారికిఁ జేతిరుమాలు కుట్టు పాఠమును, దారము తెగినప్పుడు చేయవలసిన పనిని, ఏ బట్టకు ఏ సూది యను పట్టికను, పైదారము క్రిందిదారముతో ముడివడు కారణమును వేఱువేఱు పుటలలో నుంచితిమి. పలుచని బట్టకు 11, నడితరపు బట్టకు 14, దళసరి బట్టకు 16 అను సూదులు పట్టికలోఁ జేరినవి. ఆ పుటలలో నిట్టి గ్రాంథికము వ్రాయలేదు. బాబిను, షటిలు అను దర్జీల మాటలనే వాడితిమి. మావారు బడిపంతులగుటచే అచ్చుతప్పు లన్నియు దిద్దిరి.

ప్రకటించిన వారమునకే పొరుగింటి వదినెగారు వచ్చి, “ఏమమ్మా, నీ వ్రాఁత చూచి సూది మార్చితిని. అడుగడుగునఁ గుట్టు తప్పి, దారము తెగి, పెండ్లివారి రవికెలు మూఁడు పాడైనవి. ఆ బట్ట వెల నేనే యిచ్చుకొంటిని” అనిరి. మా యింటి యంత్రమునందు సూది చదునుప్రక్క వెనుకకుండవలయును. వారి పాత నల్లయంత్రమునం దది ప్రక్కకుండవలయును. “చదును వెనుకకుంచుము” అని వ్రాసితిమి గాని యది యే యంత్రమునకో చెప్పలేదు. అచ్చుతప్పులు దిద్దిన మావారికి సూది సంగతి యేమి తెలియును? తప్పు మాదే. రవికెల వెల యిచ్చుకొంటిమి. ఆ రాత్రియే పుటను దిద్దితిమి.

ఇప్పుడు ప్రతి పుటకు మొదట నది యే తరగతి యంత్రమునకుఁ జెల్లునో చెప్పియుంటిమి. దారము ప్రవేశించు వైపున సూదియందలి పొడుగు గాడి యుండవలయు ననియు, చదును దాని కెదుటిప్రక్క నుండు ననియుఁ జేర్చితిమి. దిద్దిన సంగతిని దాఁచక పుట చివర వ్రాసితిమి. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో నిర్మించిన గిట్ అను సాధనము ఏ దినమున నే మాట మాఱినదో యంతయు భద్రపఱచును. మూలము లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది చెప్పననియు మల్లినాథసూరి నియమము చేసికొనెను. యంత్రమునకు వ్యాఖ్య వ్రాయువారికిని నదియే నియమము. ఇచట మూలమనఁగా యంత్రమే.

మఱియొక యభ్యాసమును జేసికొంటిమి. క్రొత్త పుటను ముందుగా వదినెగారి కిచ్చి, ప్రక్కన మాటాడక కూర్చుందుము. వారి చేయి ఎచట నాఁగునో అచట మా వ్రాఁతలో లోపము. మొన్న బాబినుకేసు శుభ్రపఱచు పుటను చదివి, “ఇందు నూనె యెన్ని చుక్కలో చెప్పలేదమ్మా” అనిరి. వెంటనే చేర్చితిమి.

సోదరీమణులారా! మీకుఁ జక్కఁగాఁ దెలిసిన యంత్ర మొక్కటైనను మీ యింట నుండకపోదు. దానినిగూర్చి యొక్క పుట వ్రాయుఁడు. ఆ యంత్రమును ముట్టియెఱుఁగని మనిషిచేత ముందుగాఁ జదివించి, పిమ్మటఁ బ్రకటింపుఁడు.