ఇంటికి ఇంటర్నెట్టు: వేగమెంత, వెల యెంత, నమ్మకమెంత?

గ్రామమునకు ఇంటర్నెట్టు కనెక్షను ఇత్తుమని ఎవరైన వచ్చినప్పుడు పంచాయతీ సభ్యులు ముందుగా అడుగు ప్రశ్న "ఎన్ని ఎంబీలు?" అనునది. రెండవది "నెలకెంత?" అనునది. ఈ రెండును అడుగదగినవే. కాని "లైను తెగిపోయినచో ఎన్ని గంటలలో బాగుచేయుదురు?" అను మూడవ ప్రశ్న అడుగువారు అరుదు. ఆ మూడవ ప్రశ్న విలువ తెలిసికొనగోరువారు హైదరాబాదులోని ఉస్మాన్‌గంజ్‌ను ఒక పర్యాయము చూచుట మంచిది.

ఉస్మాన్‌గంజ్ మొజంజాహి మార్కెట్టునకును బేగంబజారునకును సమీపముననున్న టోకు వర్తకుల బజారు. క్రింద దుకాణములు, గోదాములు. పై అంతస్తులలో కుటుంబముల నివాసములు. మన పల్లెలకు వచ్చు సరకులో కొంత ఇట్టి బజారులనుండియే లారీ ఎక్కును. 2018వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీనుండి ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు పోవు సరకునకు, విలువ 50,000 రూపాయలకు మించినచో, ఈ-వే బిల్లు ఉండవలెనను నిబంధన అమలులోనికి వచ్చినది. ఆ బిల్లు ఇంటర్నెట్టుపై పుట్టవలసినదే. లైను చచ్చినచో బస్తాలు ఎక్కించిన లారీ రోడ్డు ప్రక్కన నిలిచిపోవును. హమాలీలకు పని ఆగును. వర్తకుడు తన చేతి ఫోనుతో ఎట్లో గట్టెక్కవచ్చును గాని, ఆ పూట బేరము చెడును. అందువలన ఈ బజారులో ఇంటర్నెట్టు మంచిచెడ్డలను కరెంటు మంచిచెడ్డలవలెనే ఎంచుచుందురు. కొందరు రెండు వేర్వేరు కంపెనీల లైనులు పెట్టుకొనుటయు కలదు. ఇది దుబారా అని పైకి తోచును, కాని రెండింటిలో ఒకటి చౌకరకముదైనను చాలునని వారి లెక్క. ఆ లెక్క తప్పని మేము చెప్పజాలము.

ఇక వేగము సంగతి. కంపెనీవారు చెప్పు "100 ఎంబీపీఎస్" అనగా సెకనుకు 100 మెగాబిట్లు. మనము ఫోనులో చూచు ఫైలు పరిమాణము మెగాబైట్లలో ఉండును. ఎనిమిది బిట్లు కలిసిన ఒక బైటు. కావున 100 మెగాబిట్ల లైనుపై సెకనుకు దిగునది పన్నెండున్నర మెగాబైట్లు మాత్రమే. ఈ భేదము తెలియక "వంద చెప్పి పన్నెండు ఇచ్చుచున్నారు" అని తగవులాడువారు కలరు. ఒక గిగాబైటు గల సినిమా 100 మెగాబిట్ల లైనుపై సుమారు 80 సెకనులలోను, 30 మెగాబిట్ల లైనుపై సుమారు నాలుగున్నర నిమిషములలోను, 2 మెగాబిట్ల లైనుపై గంటకు పైగాను దిగును. ఆ కడపటి సంఖ్యను ఊరక చెప్పలేదు. మన దేశములో బ్రాడ్‌బాండు అనిపించుకొనుటకు ఉండవలసిన కనీస వేగము 2004 నాటి విధానములో సెకనుకు 256 కిలోబిట్లు, తరువాత 512, 2023 జనవరిలో దానిని 2 మెగాబిట్లకు పెంచినారు. అనగా చట్టము దృష్టిలో బ్రాడ్‌బాండు అను పేరునకు తగినదైనను, ఒక ఇంటిలోని నలుగురికి అది చాలినది కాకపోవచ్చును.

ఎంత వేగము చాలును? పంచాయతీ కార్యాలయములో ఒక కంప్యూటరు, ఒకటి రెండు ఫోనులు పనిచేయుటకును, ఇంటిలో ఒకరు పాఠము వినుచుండగా మరియొకరు టెలివిజను చూచుటకును 30 మెగాబిట్ల లైను సాధారణముగా సరిపోవును. అంతకు మించినది కొనుమని ఎవరైన తొందరపెట్టినచో, ఎందులకని అడుగవలెను. హైదరాబాదులో 2017 మార్చిలోనే ఏ.సి.టి. అను కంపెనీ సెకనుకు ఒక గిగాబిట్టు లైనును నెలకు 5,999 రూపాయలకు ప్రవేశపెట్టినది. అట్టిది దేశములో సాధ్యమని ఋజువగుట సంతోషింపదగినదే, కాని సామాన్య గృహస్థునకు దానితో పనిలేదు.

వెలలు 2019, 2020 సంవత్సరములలో వేగముగా దిగివచ్చినవి. 2019 సెప్టెంబరు 5వ తేదీన జియోఫైబరు ప్రారంభమైనప్పుడు అన్నిటికన్న చిన్న పథకము 699 రూపాయలు. మరుసటి సంవత్సరమే వారు 30 మెగాబిట్లకు 399 రూపాయల పథకము తెచ్చిరి. వెంటనే ఎయిర్‌టెల్ 40 మెగాబిట్లకు 499 రూపాయలనియు, బి.ఎస్.ఎన్.ఎల్. 30 మెగాబిట్లకు 449 రూపాయలనియు ప్రకటించినవి. ఇవి 2020 నాటి వెలలు. నేటి వెలలను ఆయా కంపెనీలవద్దనే తెలిసికొనవలెను. ఇందు గ్రహింపవలసినది వేరొకటి. ప్రకటనలో పెద్ద అక్షరములతో వేయు వెలలో పన్ను చేరదు. నూటికి 18 వంతున పన్ను కలిపినచో 399 రూపాయల పథకము 471 రూపాయలగును. ఏడాదికి 5,650 రూపాయలు. దీనికి రూటరు వెల లేక ధరావతు, బిగింపు ఖర్చు, ఆరు నెలలకో ఏడాదికో ముందుగా కట్టవలసిన మొత్తము చేర్చినగాని అసలు వెల తేలదు. మాకు తెలిసిన ఒక గృహస్థుడు ఏడాది సొమ్ము ఒక్కసారి చెల్లించి, రెండవ నెలలో ఇల్లు మారినాడు. క్రొత్త వీధిలో ఆ కంపెనీ లైను లేదు. మిగిలిన సొమ్మునకై అతడు తిరిగిన తిరుగుడు ఇంతంత కాదు.

పథకములో మరియొక కిటుకు వాడకపు పరిమితి. ఆంధ్రప్రదేశములో రాష్ట్ర ఫైబర్‌నెట్ పథకమును 2017 డిసెంబరు 27వ తేదీన రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్టు, టెలివిజను, టెలిఫోను మూడును లభించునట్లు ఏర్పాటు చేసిరి. అది పేదలకు అందుబాటైన వెల అనుటలో సందేహము లేదు. కాని చెప్పిన 15 మెగాబిట్ల వేగము కొలదిపాటి వాడకమువరకే. అది దాటిన పిదప వేగము తగ్గును. తరువాతి సంవత్సరములలో ఆ వెలయు పెరిగినది. కావున "అపరిమితము" అను మాట వినినప్పుడు, ఎన్ని గిగాబైట్ల పిమ్మట వేగము ఎంతకు దిగునో అడిగి వ్రాయించుకొనుట అవసరము.

ఉదయము చురుకుగా నడచిన లైను రాత్రి ఎనిమిది గంటలకు మందగించుట చాలమందికి అనుభవమే. దీనికి కారణము చెరువు తూము సామ్యముతో సులభముగా తెలియును. కంపెనీ కేంద్రమునుండి వచ్చు ఒక్క గాజుపోగుపై సెకనుకు సుమారు రెండున్నర గిగాబిట్ల సమాచారము దిగును. ఆ పోగును వీధిలోని ఒక చిన్న పెట్టెలో 32 లేక 64 ఇండ్లకు చీల్చుదురు. అందరును ఒక్కసారి తూము తెరచినచో 32 ఇండ్లున్నచోట ఇంటికి 78 మెగాబిట్లును, 64 ఇండ్లున్నచోట 39 మెగాబిట్లును వచ్చును. అందరికిని నూరేసి అమ్మినను, అందరు ఒకేసారి వాడరు గనుక పని జరుగుచుండును. కంపెనీ కేంద్రమునుండి పైకి పోవు దారిని కూడ ఇరుకుగా కొన్న కంపెనీవద్ద మాత్రము సాయంకాలపు కష్టము తప్పదు. అందువలన ఏ లైనునైన ఉదయము ఒకమారు, రాత్రి ఎనిమిదికిని పదికిని మధ్య ఒకమారు పరీక్షింపవలెను. పరీక్ష రూటరు ప్రక్కనే జరుగవలెను. మూడు మట్టిగోడల కవతల ఫోను పట్టుకొని లైను మంచిది కాదనుట కంపెనీకి అన్యాయము.

నమ్మకము విషయములో కంపెనీ పేరుకన్న తీగ రకము ముఖ్యము. పాత టెలిఫోను రాగితీగపై దూరము పెరిగినకొలది వేగము తగ్గును, వానలకు తడిసి గరగరలాడును. నగరములో చిరకాలము వాడుకలోనున్న రెండవ పద్ధతి మేడలపై ఒక పెట్టె పెట్టి, దానినుండి నూరు మీటర్ల లోపల ఇండ్లకు రాగి కేబులు లాగుట. ఆ పెట్టెకు కరెంటు ఏ మేడనుండి తీసిరో ఆ మేడలో కరెంటు పోయినచో, ప్రక్క ఇండ్లలో దీపములు వెలుగుచున్నను ఇంటర్నెట్టు ఆగును. ఇంటివరకు గాజుపోగు వచ్చు మూడవ పద్ధతిలో వీధి పెట్టెకు కరెంటే అక్కరలేదు. కంపెనీ కేంద్రములోను మన ఇంటిలోను విద్యుత్తున్న చాలును. రూటరుకు చిన్న బాటరీ ఒకటి కొన్నచో మన వంతు తీరినట్లే. నాలుగవది గాలిలో వచ్చు కనెక్షను. జియో సంస్థ దీనిని 2023 సెప్టెంబరులో హైదరాబాదుతో సహా ఎనిమిది నగరములలో ప్రారంభించినది. తీగ తెగు భయము దీనికి లేదు గాని, సెల్ టవరుపై రద్దీ పెరిగినప్పుడు వేగము తగ్గవచ్చును.

గాజుపోగైనను కరెంటు స్తంభముపై వ్రేలాడుచున్నచో దాని ఆయువు ఆ స్తంభమును బట్టియే యుండును. 2025 ఆగస్టులో హైదరాబాదు రామంతాపూరులో శ్రీకృష్ణాష్టమి రథము ఊరేగుచుండగా విద్యుత్తు తగిలి ఐదుగురు మరణించిరి. అటు పిమ్మట విద్యుచ్ఛక్తి శాఖవారు స్తంభములపై చిక్కుపడియున్న కేబులులను విస్తృతముగా కోసివేసిరి. నగరములో పెక్కు ఇండ్లకు, కార్యాలయములకు ఇంటర్నెట్టు నిలిచిపోయినది. వ్యవహారము హైకోర్టువరకు పోయినది. ప్రాణములకన్న ఇంటర్నెట్టు గొప్పది కాదు. అనుమతి లేని తీగలు పెరుగనిచ్చి, అవి ముడిపడిన పిదప ఒక్కమారు కోయుట వలన అనుమతి గలవారును నష్టపడిరను వాదమును త్రోసివేయుటకు వీలులేదు. గ్రామములో మొదటి తీగ కట్టునాడే, స్తంభమునకు అనుమతి పత్రమున్నదా, నేలనుండి ఎత్తు చాలునా, తేరు తిరుగు వీధికి అడ్డమున్నదా అని చూచుట పంచాయతీ చేయదగిన పని.

గ్రామములకు వచ్చు గాజుపోగు సంగతి కొంత భిన్నము. పంచాయతీలనన్నింటిని కలుపు జాతీయ పథకమునకు 2011 అక్టోబరులో అనుమతి లభించినది. దీనికే తరువాత భారత్‌నెట్ అని పేరు. లక్ష్యము సుమారు రెండున్నర లక్షల పంచాయతీలు. మొదటి దశలో పోగును చాలచోట్ల పూలదండవలె ఒక ఊరినుండి మరియొక ఊరికి తిన్నగా లాగిరి. దండ మధ్య తెగినచో అవతలి ఊళ్ళన్నియు చీకటిలో పడును. దీనిని సవరించుటకే 2023 ఆగస్టులో సుమారు 1.39 లక్షల కోట్ల రూపాయల సవరించిన పథకమునకు కేంద్రము అనుమతించినది. ఇందు పోగును వలయముగా కలుపుదురు. ఒకవైపు తెగినను రెండవవైపునుండి సమాచారము వచ్చును. పదేండ్ల నిర్వహణ బాధ్యతయు ఒప్పందములో చేర్చిరి. తెలంగాణములో టీ-ఫైబరు సంస్థ మిషన్ భగీరథ నీటి గొట్టముల కాలువలలోనే గాజుపోగు వేయుట మిక్కిలి పొదుపైన ఏర్పాటు. త్రవ్వకపు ఖర్చు రెండుమారులు పడలేదు. మీ ఊరికి వచ్చిన లైను దండ రకమా, వలయ రకమా అని అధికారులను అడుగుటకు సభ్యులు జంకనక్కరలేదు.

పోగు తెగుటకు కారణము తరచు మనమే. మురుగుకాలువకో మంచినీటి గొట్టమునకో జే.సీ.బీ. పిలిపించి త్రవ్వించునది పంచాయతీయే. త్రవ్వుటకు ముందు క్రింద ఎవరి తీగలున్నవో తెలుపుటకు 2023 మార్చిలో కేంద్ర ప్రభుత్వము "కాల్ బిఫోర్ యూ డిగ్" అను ఫోను సాధనమును ప్రారంభించినది. కంపెనీలే మన రోడ్డు త్రవ్వవలసి వచ్చినప్పుడు 2025 జనవరి 1వ తేదీనుండి అమలైన క్రొత్త నిబంధనలు వర్తించును. త్రవ్విన చోటును పూర్వస్థితికి తెచ్చు బాధ్యత త్రవ్వినవారిది. పని పూర్తికాక మునుపే రోడ్డును చూచుకొనుట మేలు.

లైను చెడినప్పుడు స్థానిక కేబులు ఆపరేటరుకు ఫోను చేసి ఊరకుండుట మన అలవాటు. అతడు మంచివాడే కావచ్చును, కాని చాలచోట్ల అతడు ఏజెంటు మాత్రమే. లైసెన్సు వేరొక కంపెనీది. బిల్లుపై ఏ కంపెనీ పేరున్నదో చూచి, దాని ఫిర్యాదు కేంద్రమునకే చెప్పి, వారిచ్చు ఫిర్యాదు సంఖ్యను తేదీతో, గంటతో సహా ఒక పుస్తకములో వ్రాసికొనవలెను. 2012 నాటి ట్రాయ్ నిబంధనల ప్రకారము, అచ్చట పని జరుగకున్నచో అదే కంపెనీలోని అప్పీలు అధికారికి ఉచితముగా అప్పీలు చేయవచ్చును. అంతటను తీరనిచో వినియోగదారుల కమిషను కలదు. టెలికాం సేవల తగవులను ఆ కమిషనులు విచారింపవచ్చునని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తీర్పు చెప్పినది. అచ్చట మొదట అడుగునది ఆ ఫిర్యాదు సంఖ్యలనే. ఆరు నెలల పుస్తకము చేతనున్నచో, రెండు కంపెనీలలో దేని లైను ఎన్ని పర్యాయములు తెగినదో, ఎన్ని గంటలకు అతికినదో గ్రామసభలో చదివి వినిపింపవచ్చును. మరుసటి సంవత్సరపు కనెక్షను ఎవరిదో సభ్యులు అప్పుడు తేల్చుకొనవచ్చును.