అలకనంద: సిద్ధాంతమూ సాక్ష్యమూ

మన కవిత్వంలో నక్షత్రాలకు కొదువ లేదు. ప్రొద్దుటూరులో, పులివెందులలో జరిగే సాహిత్య సభల్లోనూ పాలపుంత తరచూ వినిపిస్తుంది. అయితే దాన్ని పదచిత్రంగా వాడుకున్నంతగా వస్తువుగా మనం ఎరుగుదుమా? కాంతి సంవత్సరాన్ని కాలానికి కొలతగా రాసేవారు ఇప్పటికీ ఉన్నారు. అది దూరానికి కొలత.

జమ్మలమడుగు దగ్గర గండికోట లోయలో పెన్న కోసిన రాతిపొరలు వంద కోట్ల ఏళ్ళకు పైబడినవి. భూమి చరిత్రను చదవడానికి ఆ పొరలు ఆధారం. విశ్వచరిత్రకు ఆధారం కాంతి.

2025లో పూణేలోని జాతీయ రేడియో ఖగోళభౌతిక కేంద్రానికి చెందిన రాశి జైన్, యోగేశ్ వాడదేకర్ ఒక సర్పిల గెలాక్సీని గుర్తించారు. జేమ్స్ వెబ్ అంతరిక్ష దూరదర్శిని తీసిన చిత్రాలు వారికి ఆధారం. హిందీలో పాలపుంతను మందాకిని అంటారు. మందాకిని కలిసే నది అలకనంద. ఆ పేరే దీనికి పెట్టారు.

దాని కాంతి మనవైపు బయలుదేరి సుమారు 1,200 కోట్ల ఏళ్ళయింది. అప్పటికి భూమి పుట్టలేదు. విశ్వం వయసే 150 కోట్ల ఏళ్ళు. అయినా నడుమ ప్రకాశవంతమైన కేంద్రం, దాన్ని చుట్టిన రెండు బాహువులు, వాటి వెంట పూసలు గుచ్చినట్టు నక్షత్ర సమూహాలు స్పష్టంగా ఉన్నాయి. వెడల్పు దాదాపు 30,000 కాంతి సంవత్సరాలు. ఏటా 60 సూర్యుళ్ళకు సరిపడే ద్రవ్యం అందులో నక్షత్రాలుగా మారుతోందని అంచనా.

తొలినాటి గెలాక్సీలు అల్లకల్లోలంగా ఉంటాయనీ, ఇటువంటి క్రమం ఏర్పడడానికి ఇంకా చాలా కాలం కావాలనీ శాస్త్రజ్ఞులు భావించేవారు. సాక్ష్యం ఎదురైనప్పుడు వారు దాన్ని తోసిపుచ్చలేదు, తమ భావననే తిరిగి పరిశీలిస్తున్నారు. చల్లని వాయువు ప్రవాహం వల్ల బాహువులు ఏర్పడ్డాయా, పక్కనున్న చిన్న గెలాక్సీ తాకిడి వల్లనా అన్నది ఇంకా తేలవలసి ఉంది.

అంతమాత్రాన సిద్ధాంతం అక్కరలేదనడం పొరపాటు. ఈ గెలాక్సీకి ముందున్న ఏబెల్ 2744 అనే గెలాక్సీల గుంపు తన గురుత్వాకర్షణతో కాంతిని వంచి, అలకనంద వెలుగును రెట్టింపు చేసింది. ఆ వంపును లెక్కగట్టేది 1915 నాటి ఐన్‌స్టీన్ సిద్ధాంతమే. చూపునిచ్చేది సిద్ధాంతం, దాన్ని సరిదిద్దేది సాక్ష్యం.

మన సమీక్షల్లో కొన్నిసార్లు తీర్పు ముందు, పఠనం తరువాత నడుస్తున్నాయి. కొత్త కవి చేతిలో పరిణత శిల్పం కనిపిస్తే అనుమానిస్తాం, సూత్రానికి ఒదగని కథను పక్కన పెడతాం. శాస్త్రీయ దృక్పథం మనదని చెప్పుకునే మనం రచన అనే సాక్ష్యం ముందు మన సూత్రాన్ని పరీక్షకు నిలబెట్టాలి. ఆ పరీక్షకు భయపడే విమర్శ ఎంత అభ్యుదయ పదజాలం వాడినా అభ్యుదయ విమర్శ కాదు.