అట్లీ దొర: దానమా, ఋణవిమోచనమా?

బ్రిటిషు మాజీ ప్రధాని అట్లీ దొర మనకు స్వరాజ్యమును దయచేసెనని కొందఱు చెప్పుచుందురు. ఈ మాట నంగీకరింపజాలము. అట్లని ఆయన యోగ్యతను కాదనుటకును మాకు మనసొప్పదు.

1883లో జన్మించిన క్లెమెంట్ అట్లీ న్యాయశాస్త్రము చదివెను. కాని లండను తూర్పుభాగపు పేదవాడలలోని దారిద్ర్యమును కన్నులార జూచి, 1908లో సామ్యవాదుల పక్షమున జేరెను. 1927లో నియమింపబడిన సైమన్ సంఘమున ఆయన యొక సభ్యుడు. భారతీయుల భావిని నిర్ణయింపవచ్చిన యా సంఘమున భారతీయుడొక్కడును లేడు. 1928 ఫిబ్రవరి 3న అది బొంబాయిలో దిగిన నాడు దేశమెల్లెడల హర్తాళము జరిగెను. చెన్నపట్టణమున టంగుటూరి ప్రకాశము పంతులుగారు తుపాకుల యెదుట రొమ్ము చూపి నిలిచిరి. “తిరిగి పొమ్ము” అను కేకయే అట్లీకి మన దేశము నేర్పిన తొలిపాఠము.

ఆ పాఠము ఫలించుటకు రెండు దశాబ్దములు పట్టినది. 1945 జూలైలో ఆయన ప్రధాని యగునాటికి యుద్ధమువలన బ్రిటిషు బొక్కసము వట్టిపోయెను. 1942 ఉద్యమపు వేడి చల్లారలేదు. 1946 ఫిబ్రవరిలో నావికులే తిరుగబడిరి. ఇట్టి స్థితిలో సామ్రాజ్యమును బలముచే నిలుపజూచువాడు రక్తపాతమునకు దిగియుండును. అట్లీ యట్లు చేయలేదు. 1948 జూన్‌లోగా అధికారమును వదలుకొందుమని 1947 ఫిబ్రవరి 20న ప్రకటించెను. చర్చిల్ దొర యెదిరించినను వెనుదీయలేదు.

కాని దోషమును దాచుట పత్రికాధర్మము గాదు. ఆ గడువును ఆగస్టు 15కు ముందునకు జరిపిరి. సరిహద్దురేఖను ఆగస్టు 17న గాని వెల్లడింపలేదు. కోటిమందికి పైగా ఇల్లువాకిళ్లు విడిచిరి, లక్షలమంది హతులైరి. ఇందు మన నాయకులకును పాలు గలదు. అయినను పాలకుల తొందరపాటును చరిత్ర మన్నింపదు.

స్వదేశమున ఆయన బొగ్గుగనులను, రైళ్లను జాతిపరము గావించెను. 1948 జూలై 5న ఆయన ప్రభుత్వము నెలకొల్పిన జాతీయ వైద్యసేవ ధనిక దరిద్ర భేదము లేక నేటికిని రోగుల నాదుకొనుచున్నది. 1951లో పదవి పోయినను, 1967లో దేహము పోయినను ఆ కీర్తి పోలేదు.

ఋణము తీర్చినవాడు దాత గాడు. స్వరాజ్యము మన సొత్తు. దానికి మూల్యము మనవారు చెఱసాలలలో చెల్లించిరి. అయినను అప్పులేదని బొంకువారి నడుమ, అప్పు గలదని యొప్పుకొని తీర్చినవాడు పెద్దమనిషియే. అట్లీకి మనము చెల్లింపవలసిన గౌరవ మంతమాత్రమే. అంతకు తక్కువయు గాదు.