కొత్త వ్యాపారమునకు ముందు చిన్న పరీక్ష



సుల్తానాబాద్ పరిసరములలో వరి పంటకు, బియ్యపు మిల్లులకు కొదువ లేదు. వడ్లను అమ్మివేయుటకంటె బియ్యము పట్టించి, సంచులకెత్తి, ఇంటింటికి అమ్మినచో లాభమెక్కువని మీకు తోచవచ్చును. ఆలోచన మంచిదే. కాని భూమి కుదువబెట్టి మర కొనుటకు ముందు దానిని చిన్న ఎత్తున పరీక్షింపవలెను. అన్నము ఉడికినదో లేదో ఒక్క మెతుకు పట్టి చూచిన తెలియును గదా! కొత్త పరిశ్రమలు పెట్టువారు దీనినే ‘మినిమం వయబుల్ ప్రాడక్ట్’ అందురు. అనగా కొనువాని అవసరము తీర్చుటకు చాలినంత సరుకు మాత్రమే ముందుగా తయారుచేయుట.

పరీక్షించు విధము:

1. మూడు క్వింటాళ్ల వడ్లను కూలికి మర పట్టించండి. పచ్చి బియ్యమునకు ప్రభుత్వ లెక్క క్వింటాలుకు 67 కిలోలు. అనగా నూకతో కలిపి సుమారు రెండు క్వింటాళ్లు. నూక తీసి పది కిలోల సంచులకెత్తవలెను. పదునైదు సంచులైనను చాలును. ఆహారపు సరుకుకు కావలసిన నమోదును గురించి ముందే విచారించుకొనండి.

2. బంధువులకుగాక పరాయి ఇండ్లకు, రొక్కమునకే అమ్మండి. ఉచితముగా పుచ్చుకొన్నవారి మెప్పు లెక్కకు రాదు.

3. వడ్లకు ఆనాటి ధర, మర కూలి, సంచి, బండి కిరాయి, మీ ఇంటివారి కూలి అన్నియు ఖర్చులో వ్రాయవలెను.

4. మొదటి సంచిని మొగమాటముతో కొనవచ్చును. రెండవ సంచియే నిజమైన సాక్ష్యము. ఎన్ని ఇండ్లవారు మరల కొనినచో ముందుకు సాగవలెనో మొదటనే నిర్ణయించుకొనండి. పదునైదింట పది అని పెట్టుకొన్నచో, ఆరు వచ్చిన తరువాత దానిని మార్చరాదు.

మరల కొననివారిని కారణమడగండి. కొత్త బియ్యము ముద్దయినదందురేమో. అట్లయిన కొన్ని నెలలు నిలువ చేయవలెను. అంతకాలము మీ డబ్బు గాదెలో చిక్కుకొనును. ఈ సంగతి మర కొనిన తరువాతగాక ముందే తెలియుట మేలు. తరువాతి పరీక్షలో ఒక్క లోపమునే సవరించి చూడవలెను.

ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం గారు చీర నూలు ఆసు పోయుటలో తల్లి పడు బాధ చూచి, 1992లో యంత్రమునకు పూనుకొనిరి. ఒక్కొక్క భాగమే సరిచూచుకొనుచు 1999లో పూర్తిచేసిరి. 2017లో పద్మశ్రీ పొందిరి. అవసరము ముందు, సరుకు తరువాత అని ఆయన అనుభవము చెప్పుచున్నది.

గ్రామాధికారులు, వ్యవసాయ విస్తరణాధికారులు అప్పు దరఖాస్తు వ్రాయించుటకు ముందు ఈ లెక్కను అడిగి చూడవలెను. పరీక్ష తప్పినచో పోవునది కొన్ని సంచుల బియ్యమే. భూమి మీ చేతిలోనే నిలుచును.